తినిపిచ్చొచ్చిన... తబెససెతె కిత

జగిత్యాల, కరీంనగర్ దిక్కు ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే ఇది. పాపకు అన్నం పెట్టి గదిలోంచి బయటికొచ్చిన చిన్నమ్మను 'ఎటు పోయినవ్?' అని అడిగితే 'బువ్వ తినిపిచ్చొచ్చిన' అంటుంది. వినేవాళ్లకు అది రెండు మాటల జవాబు. కానీ ఆ రెండో మాటను విప్పి చూస్తే ఎంత సామాను ఉందో తెలుస్తుంది. తినడం అనే పని ఉంది. ఆ పని ఇంకొకరి చేత చేయించడం ఉంది. అది ముగిసిందన్న సంగతి ఉంది. ఆ తర్వాత ఇటు రావడం ఉంది. ఇదంతా అయిపోయిన కాలపు ముచ్చట. వచ్చింది ఎవరంటే 'నేను'. ఇన్ని సంగతులనూ ఒక్క ఊపిరిలో చెప్పడం ఏ బడీ నేర్పలేదు. మూడేళ్ల పిల్లలు కూడా ఇట్లాంటి మాటలు తడుముకోకుండా అంటారు.

ఇదే సంగతిని జపాన్‌లో 'తబెససెతె కిత' అంటారు. జపనీస్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారు ఇట్లాంటి మాటను మొదటిసారి చూసినప్పుడు భయపడటం సహజం. గల్ఫ్ దారి తరాలుగా తెలిసిన ఉత్తర తెలంగాణలో ఇప్పుడు జపాన్ పేరూ వినిపిస్తోంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివినవారికి జపనీస్ నేర్పించి అక్కడికి పంపే కార్యక్రమం నడుపుతోంది. జపాన్‌లో పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్లు దాటినవారు, వారిని చూసుకునే చేతులు అక్కడ చాలడం లేదు. నైపుణ్యం ఉన్న విదేశీయుల కోసం ఆ దేశం 2019 ఏప్రిల్‌లో కొత్త వీసా తెచ్చింది. 2021 జనవరిలో భారత్‌తో దానిపై ఒప్పందం చేసుకుంది. వెళ్లాలంటే భాషా పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్షలో మనిషిని తిప్పలు పెట్టేవి రెండు: లిపి, క్రియా రూపాలు. లిపికి కష్టపడక తప్పదు. క్రియ సంగతి వేరు. దాని పనితనం కరీంనగర్ మనిషి నోట్లో పుట్టుకతోనే ఉంది.

గూడ్స్ బండి లెక్క

రామగుండం నుంచి బొగ్గు మోసుకెళ్లే గూడ్స్ బండిని తలుచుకోండి. ముందు ఇంజన్, దాని వెనక ఒకదానికొకటి తగిలించిన డబ్బాలు. ఎన్ని డబ్బాలు కావాలంటే అన్ని తగిలించవచ్చు, కానీ వాటి వరుస మాత్రం ఇష్టం వచ్చినట్టు మారదు. జపనీస్ క్రియ ఇట్లాంటి బండే. తెలుగు క్రియ కూడా అంతే.

'తబెరు' అంటే తినడం. జపాన్‌లో రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కపెట్టలేని మాట. ఇందులో ఇంజన్ 'తబె'. దానికి 'త' తగిలిస్తే 'తబెత', తినడం అయిపోయింది. 'నయ్' తగిలిస్తే 'తబెనయ్', తినను. 'తయ్' తగిలిస్తే 'తబెతయ్', తినబుద్ధి అవుతోంది. 'రెబ' తగిలిస్తే 'తబెరెబ', తింటే. 'యో' తగిలిస్తే 'తబెయో', తిందాం. 'ససె' తగిలిస్తే తినిపించడం.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. తబె-ససె-తె-కి-త. తబె అంటే తిన్. ససె అంటే ఇపిచ్చు. తె అంటే 'తినిపించి'లో చివర ఉన్న ఇ. కి అంటే వచ్చు. త అంటే జరిగిపోయిన కాలం. తెలుగు డబ్బాలు ఏ వరుసలో ఉన్నాయో జపనీస్ డబ్బాలూ అదే వరుసలో ఉన్నాయి. ఒక్కటి కూడా ముందుకూ వెనక్కూ జరగలేదు.

ఇంకొకటి చూడండి. 'తబెతకు నకత్త'. తబె తినడం, తకు బుద్ధి పుట్టడం, నక లేకపోవడం, చివరి త్త జరిగిన కాలం. జ్వరం వచ్చినవారు కరీంనగర్‌లో చెప్పే మాట ఇదే: తినబుద్ధి కాలె.

ఇంగ్లీషు మీదుగా జపనీస్ నేర్చుకుంటే ఈ సులువు కనపడదు. ఇంగ్లీషులో తినబుద్ధి కాలేదని చెప్పాలంటే ముందు 'నేను', తర్వాత 'లేదు', తర్వాత 'కోరిక', ఆఖరున 'తినడం' వస్తాయి. తెలుగులో ఉన్న వరుసను తిరగేసి ఇంగ్లీషులో పెట్టుకుని, దాన్ని మళ్లీ తిరగేసి జపనీస్‌లో పెట్టాలి. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడం అంటే ఇదే. మన దగ్గర దొరికే జపనీస్ పాఠ్యపుస్తకాల్లో చాలామటుకు ఇంగ్లీషు వివరణలతోనే ఉన్నాయి.

కొసన గార్డు డబ్బా

రెండు బండ్లకూ ఒక తేడా ఉంది. తెలుగు బండి చివర ఒక గార్డు డబ్బా ఉంటుంది. పని చేసింది ఎవరో అది చెబుతుంది. నేను తిన్న, నువ్వు తిన్నవ్, వాడు తిన్నడు, ఆమె తిన్నది, వాళ్లు తిన్నరు. జపనీస్‌కు ఈ డబ్బా లేదు. నేను తిన్నా, నువ్వు తిన్నా, ఊరంతా తిన్నా 'తబెత' ఒక్కటే. నేర్చుకునేవారికి ఇది కలిసొచ్చేదే, అయిదు రూపాలకు బదులు ఒకటి గుర్తుంటే చాలు. వినేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. జపనీయులు 'నేను', 'నువ్వు' అనే మాటలను కూడా తరచు వదిలేస్తారు. ఎవరు తిన్నారన్నది ముందు మాటలను బట్టి, ఎదుటి మనిషిని బట్టి పోల్చుకోవాల్సిందే.

ఇది మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. 'నేను తినలేదు, నువ్వు తినలేదు, వాడు తినలేదు, వాళ్లు తినలేదు' అని వరుసగా పలికి చూడండి. గార్డు డబ్బా ఏది? ఎవరు తినకపోయినా 'తినలేదు' ఒక్కటే. 'తినాలి', 'తినొచ్చు', 'తినొద్దు' కూడా అంతే. కారణం సులువుగానే తెలుస్తుంది. 'లేదు' అన్నది ఇక్కడ మనిషి గురించి చెప్పడం లేదు, తినడం అనే పని లేదంటోంది. పని ఎవరిదైనా లేనిది లేనట్టే, అందుకే మాట మారదు. తెలంగాణలో ఇంకో రూపముంది, 'తింటలేను, తింటలేవు, తింటలేడు'. ఇక్కడ 'లే' వెనక గార్డు డబ్బా మళ్లీ వచ్చి చేరింది. 'తినడం లేదు' అనే పుస్తకాల రూపానికి ఈ సదుపాయం లేదు. ఈ ఒక్క చోట ఇంటి మాట పుస్తకపు మాట కన్నా ఎక్కువ సమాచారం మోస్తోంది.

తిని సూడు

అన్నిటికన్నా ముచ్చటైన పోలిక ఇది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పమని ఇంట్లో అడిగేటప్పుడు 'తిని సూడు' అంటారు. నిజానికి నాలుకతో చేసే పనికి కంటితో చూడటం ఎందుకు? 'సూడు' ఇక్కడ కన్నును వదిలేసి 'పరీక్షించు' అనే అర్థంలోకి జారింది. జపనీస్‌లో ఈ మాట 'తబెతె మిరు'. 'మిరు' అంటే చూడటం. అక్కడా కన్ను తన పని వదిలేసి రుచి చూసే పనిలో పడింది.

ఇట్లాంటివి వరుసగా దొరుకుతాయి. 'తింటుండు' అన్నది 'తింటూ ఉండు' నుంచి వచ్చింది. జపనీస్ 'తబెతె ఇరు'లో 'ఇరు' అంటే ఉండటం. తెలుగులో ఆ రెండు మాటలు అతుక్కున్నట్టే జపాన్ ఇళ్లల్లో కూడా 'తబెతెరు' అని అతికించి పలుకుతారు. 'తినేసిండు'లో 'వేయు' ఉంది. దాన్ని ఎక్కడా పారేయడం లేదు, పని పూర్తిగా అయిపోయిందని చెబుతోంది. జపనీయులు అక్కడ 'షిమౌ' వాడతారు, దాని అసలు అర్థం సర్ది లోపల పెట్టడం. 'తబెతె షిమత్త' అన్న పెద్ద మాట రోజువారీ నోట్లో నలిగి 'తబెచత్త' అయింది. 'తిని వేసిండు' నలిగి 'తినేసిండు' కావడం లాంటిదే ఇది. చుట్టాలు వస్తున్నారంటే ముందే 'చేసిపెట్టు' అంటాం. జపనీస్‌లో అది 'షితె ఒకు', ఇందులో 'ఒకు' అంటే పెట్టడమే. వాళ్లూ దాన్ని 'షితొకు' అని కుదించేశారు.

ఏ భాషలోనైనా ఇది ఒక పద్ధతిగా సాగుతుంది. చూడు, ఉండు, పెట్టు, వేయి, వచ్చు లాంటి మాటలు రోజూ ఇంకో క్రియ పక్కన కూర్చుని కూర్చుని తమ సొంత బరువు పోగొట్టుకుంటాయి. మొదట పూర్తి మాటగా ఉన్నది తర్వాత తోకగా మారుతుంది, ఆ తర్వాత ఒక్క శబ్దంగా మిగులుతుంది. నేటి ప్రత్యయాల్లో చాలామటుకు ఒకనాడు సొంత కాళ్ల మీద నిలబడ్డ మాటలే.

---

ఆదిలాబాద్ అంగట్లో

ఇంత పోలిక చూస్తే జపనీస్, తెలుగు చుట్టాలే అనిపిస్తుంది. ఆ తొందర పడేముందు ఉట్నూరులోనో ఇంద్రవెల్లిలోనో వారపు అంగడికి వెళ్లాలి. అక్కడ తెలుగు, గోండి, కొలామి, మరాఠీ, దక్కనీ ఉర్దూ, లంబాడీ ఒకేచోట వినిపిస్తాయి. 'తిని సూడు' అన్నదాన్ని మరాఠీలో 'ఖావూన్ బఘ్' అంటారు, ఉర్దూలో 'ఖాకే దేఖో' అంటారు. అల్లిక ఒకటే, భాషా కుటుంబాలు వేరు.

చుట్టరికం ఎక్కడుందో వేర్లు చెబుతాయి. తినడానికి తెలుగు, గోండి, కొలామి, తమిళం, కన్నడం అన్నిటిలోనూ వేరు 'తిన్' ఒక్కటే. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు, కొలామి మాట్లాడేవారు సుమారు 1.28 లక్షలు. ఆదిలాబాద్ అడవి ఊళ్లలోని ఈ భాషలు తెలుగుకు రక్తసంబంధులు. 'తబె'కు ఈ ఇంటితో సంబంధం లేదు. అది పాత జపనీస్‌లో 'పెద్దల చేతి నుంచి అందుకోవడం' అనే వినయపు మాట నుంచి వచ్చింది.

కొలామి వ్యాకరణాన్ని 1955లో ప్రచురించిన భాషాశాస్త్రవేత్త ముర్రే ఎమెనో, మరుసటి ఏడాదే భారతదేశాన్ని ఒక 'భాషా మండలం'గా చూడాలని వాదించాడు. పక్కపక్కన బతికే భాషలు చుట్టాలు కాకపోయినా ఒకదాని పద్ధతిని ఇంకొకటి పట్టుకుంటాయని ఆయన ఉదాహరణలతో చూపాడు. 1976లో కోలిన్ మసికా ఈ లక్షణాలను పటం మీద గీస్తూ పోతే గీత భారత్ దగ్గర ఆగలేదు, మధ్య ఆసియా మీదుగా కొరియా, జపాన్ దాకా సాగింది. తమిళం, జపనీస్ ఒకే కుటుంబమని జపాన్ పండితుడు సుసుము ఓనో చాలాకాలం వాదించాడు. ఆ వాదాన్ని భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు.

---

'వత్తాన్న' ఎట్లా పుట్టింది?

జపనీస్ నేర్చుకునేవారు మొదటి నెలల్లోనే ఒక గోడకు గుద్దుకుంటారు. 'తబెరు' సాఫీగా సాగుతుంది కానీ చాలా క్రియలు అట్లా సాగవు. 'తొరు' అంటే తీసుకోవడం. లెక్క ప్రకారం 'తొరితె' కావాలి, కానీ అయ్యేది 'తొత్తె'. 'మత్సు' అంటే ఆగి ఎదురుచూడటం, అది 'మత్తె' అవుతుంది. 'యొము' అంటే చదవడం, అది 'యొందె'. తాగడానికి 'నొము', అది 'నొందె'. పుస్తకాలు వీటిని పట్టికలుగా ఇస్తాయి, పిల్లలు బట్టీ పడతారు.

పట్టిక పక్కన పెట్టి నాలుకను చూస్తే చాలు. 'తొరితె'లో మధ్య అచ్చు జారిపోతే 'ర్', 'త్' ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. నాలుక రెండు వేర్వేరు పనులు చేయడం మాని మొదటిదాన్ని కూడా రెండోదాని లాగే చేసేస్తుంది. 'త్త' పుడుతుంది. ఇప్పుడు కరీంనగర్‌కు రండి. 'వస్తాన్న' అన్నచోట 'వత్తాన్న', 'చేస్తాన్న' అన్నచోట 'చేత్తాన్న', 'చూస్తా' అన్నచోట 'చూత్త'. 'స్' అనాలంటే నాలుక సన్నని సందు వదిలి గాలి పోనివ్వాలి, 'త్' అనాలంటే దాదాపు అదే చోట దారి పూర్తిగా మూసేయాలి. సందు వదలడం మాని మొదటే మూసేస్తే 'త్త'. తొరితె 'తొత్తె' అయిన దారిలోనే వస్త 'వత్త' అయింది.

'యొందె'లో ఇంకో సూత్రం ఉంది. ముక్కుతో పలికే శబ్దం పక్కన పడి 'త' తన రూపం మార్చుకుంది. తెలుగులో 'తిను'కు 'తా' చేరితే 'తిన్తా' కాకుండా 'తింటా' అవుతుంది. వింటా, కొంటా, అంటా అన్నిటిలోనూ అదే కథ. అక్కడ 'త' 'ద' అయింది, ఇక్కడ 'ట' అయింది. రెండు చోట్లా కారణం పక్కనున్న అనునాసికమే.

జపనీస్‌లో ఈ మార్పులు హెయన్ కాలంలో, అంటే 794-1185 మధ్య, రాతల్లో కనిపించడం మొదలైంది. అప్పటికి అవి నోటి మాట అలవాట్లు. నేడు 'తొత్తె' అనడమే ఒప్పు, పరీక్షలో 'తొరితె' అని రాస్తే మార్కు పోతుంది. అదే పనిని అంతే క్రమంగా చేసిన 'వత్తాన్న'ను మాత్రం మన బడులు, సినిమాలు చాలాకాలం మోటు మాటగా చూశాయి. భాషాశాస్త్రానికి ఈ రెంటి మధ్య ఏ తేడా కనపడదు. ఒకటి రాజధాని నోట్లోంచి పుస్తకంలోకి ఎక్కింది, ఇంకొకటి ఎక్కలేదు. ఇది శబ్దాల గుణం వల్ల జరగలేదు, అధికారం ఎక్కడుందన్నదాని వల్ల జరిగింది. జపాన్ కూడా ఈ పాపానికి అతీతం కాదు. ఒకినావా బడుల్లో ఇంటి భాష మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్క పలక వేలాడదీసేవారు.

కరీంనగర్ మాటకు తక్కువతనం అంటగట్టడానికి చరిత్రలోనూ ఆధారం లేదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగు క్రియల వేర్లను 1961 నాటి తన గ్రంథంలో వరుసపెట్టి పరిశీలించిన భద్రిరాజు కృష్ణమూర్తి, రైతులు, చేతిపనుల వారు వాడే మాటలను ఊరూరా సేకరించే మాండలిక వృత్తి పదకోశాల పనికి నాంది పలికారు. వాటిలో వ్యవసాయ పదాల మొదటి సంపుటం 1962లో వచ్చింది.

రోజూ నడిచే బాట

జపనీస్‌లో నిజంగా దారి తప్పిన క్రియలు రెండంటే రెండే: 'సురు', 'కురు'. చేయడం, రావడం. 'కురు' వర్తమానంలో 'కురు', జరిగిన కాలంలో 'కిత', లేదనడానికి 'కొనయ్', వద్దామనడానికి 'కొయో'. కు, కి, కొ అంటూ ఇంజనే మారిపోతుంది. తెలుగులో రావడం ఏమన్నా నయమా? వత్త, వచ్చిండు అంటాం, వెంటనే రా, రాలె, రాను అంటాం. 'వ' ఎటు పోయింది, 'రా' ఎక్కణ్నుంచి ఊడిపడింది? తమిళంలో 'వరు' ఉంది. ఆ 'వర్' లోపల శబ్దాలు తారుమారై 'వ్రా' అయి, ముందున్న 'వ' అరిగిపోయి 'రా' మిగిలిందని భాషావేత్తలు చెబుతారు. అంటే రెండు రూపాలూ ఒక్క వేరు నుంచి వచ్చినవే.

సంబంధం లేని రెండు భాషల్లో అదే క్రియ ఎందుకు దారి తప్పింది? ఎక్కువగా వాడే మాటలే పాత వంకరలను నిలుపుకుంటాయి. అరుదుగా వాడే క్రియ రూపం గుర్తురాకపోతే మనిషి నియమాన్ని బట్టి కొత్తది కట్టుకుంటాడు, అట్లా అది దారిలో పడుతుంది. 'రా', 'రాలె' లాంటివి పసిబిడ్డ రోజుకు ఎన్నో సార్లు వింటుంది. మరిచిపోయే అవకాశమే రాదు, కాబట్టి సరిదిద్దే అవసరమూ రాదు. రోజూ నడిచే బాట మీద గడ్డి మొలవనట్టే.

'సురు' ఇంకో విధంగా ఉపయోగపడుతుంది. బయటినుంచి వచ్చిన ఏ మాటనైనా అది క్రియగా మార్చేస్తుంది. 'దెన్వ సురు' అంటే ఫోన్ చేయి, 'కొపీ సురు' అంటే కాపీ చేయి. తెలుగులో 'చేయి' చేస్తున్నది కూడా సరిగ్గా ఇదే పని.

మర్యాద ఎవరికి?

ఇక్కడ మాత్రం తెలుగు అలవాటు తప్పుదోవ పట్టించగలదు. కరీంనగర్‌లో పెద్దమనిషి ఎదురుపడితే 'తిన్నరా?' అని అడుగుతారు. జపాన్‌లో నర్సు ఉదయం పెద్దవారిని 'తబెమషిత క?' అని అడగవచ్చు. ప్రశ్న గుర్తు రెండింటిలోనూ చివరే ఉంది, ఇక్కడ 'ఆ', అక్కడ 'క'. కానీ మర్యాద కూర్చున్న చోటు వేరు. తెలుగులో అది గార్డు డబ్బాలో, 'రు'లో ఉంది. తిన్నవారికి ఇచ్చిన గౌరవం అది. జపనీస్‌లో గార్డు డబ్బా లేదు కనుక మర్యాదకు 'మస్' అనే సొంత డబ్బా పెట్టారు. ఆ గౌరవం తిన్నవారికి చెందదు, వింటున్నవారికి చెందుతుంది. కుక్క తిన్నదని పై అధికారికి చెప్పాల్సి వస్తే జపనీయులు 'ఇను గ తబెమషిత' అంటారు. 'కుక్క తిన్నరు' అని తెలుగులో ఎవరూ అనరు, 'కుక్క తిన్నది సార్' అంటారు. 'మస్' పని 'రు' పనిని పోలదు, ఈ 'సార్' పనిని పోలుతుంది. ఈ ఒక్క మాట మొదటి రోజే చెబితే చాలా తికమక తప్పుతుంది.

తిన్నవారినే గౌరవించాలంటే జపనీస్‌లో క్రియే మారిపోతుంది. పెద్దలు తింటే 'మెషియగరు', తనవైపు వినయంగా 'ఇతదకు'. తెలుగులో దేవుడికి 'ఆరగింపు' అనే మాటను విడిగా అట్టిపెట్టినట్టు.

నోటుబుక్కు మొదటి పేజీ

మంచిర్యాలలోనో సిరిసిల్లలోనో నిర్మల్‌లోనో జపనీస్ మొదలుపెట్టేవారికీ, వారికి నేర్పేవారికీ ఒక విన్నపం. క్రియల పట్టిక పక్కన ఇంగ్లీషు అర్థం రాయకండి. ఇంట్లో అమ్మ, బాపు మాట్లాడే మాటను, పుస్తకపు తెలుగులోకి దిద్దకుండా, ఉన్నదున్నట్టు రాసుకోండి. తబెతెరు, తింటుండు. తబెచత్త, తినేసిండు. తబెతకు నకత్త, తినబుద్ధి కాలె. తబెతె మిరు, తిని సూడు.